పాత కారుకు మళ్ళీ రంగు వేసేటప్పుడు తలుపు చట్రాల పెయింటును ఎంచుకోవడం

పాత కారుకు మళ్ళీ రంగు వేయించాలని నిర్ణయించుకున్నవారిలో చాలామంది బయటి రేకు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. తలుపు తెరిచినప్పుడు కనిపించే చట్రానికి ఏ పెయింటు వేయాలన్న ప్రశ్న మాత్రం పెయింటరు గన్ను చేతిలోకి తీసుకున్న రోజున గాని వారికి తట్టదు. అప్పటికి ఆలస్యమైపోతుంది. సాధారణంగా చట్రానికే ముందుగా పెయింటు పడుతుంది, బయటి పెయింటు దాని అంచు మీదికి వచ్చి ఆగుతుంది. కింద ఉన్నది పైదాని ద్రావకాన్ని తట్టుకోలేకపోతే రెండూ చెడిపోతాయి. అందుకే పెయింటు ఎంపికను తలుపు చట్రం దగ్గరే మొదలుపెట్టాలని, బయటి రేకుకు ఏది వేయాలన్నది ఆ తరువాత తేల్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

తలుపు చట్రం అన్నప్పుడు నేను దృష్టిలో పెట్టుకున్నది ఒక్క అంచును కాదు. తలుపు కీళ్ళు బిగించే ముందు స్తంభం, లాక్ ప్లేటు ఉండే వెనక స్తంభం, పైన రబ్బరు బీడింగ్ కూర్చునే అంచు, లోపలికి కాలు పెట్టేటప్పుడు దాటే గడప, వీటన్నిటికీ ఎదురుగా వచ్చే తలుపు నాలుగు అంచులు, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. బానెట్ లోపలి అంచులు, డిక్కీ చుట్టూ ఉండే వాన కాలువ కూడా ఈ కోవలోనివే. ఈ భాగాలకు ఎండ తగలడం తక్కువే గాని, పడే శ్రమ మాత్రం ఎక్కువ. తలుపు మూసిన ప్రతిసారీ రబ్బరు వచ్చి ఒత్తుకుంటుంది, గడప మీద చెప్పులు రాసుకుంటాయి, కీళ్ళ గ్రీజు కారుతుంది, వాన నీరు ఈ కాలువల గుండానే బయటికి పోతుంది. బయటి రేకు మీద గీత పడితే పాలిష్ చేసి తీసివేయవచ్చు. చట్రపు మూలల్లోకి పాలిషింగ్ యంత్రం పోదు. అందువల్ల ఇక్కడ వేసే పెయింటు గన్ను నుంచి వచ్చినప్పుడే మెరుపుతో, గట్టిదనంతో రావాలి.

మా ఇంట్లో ఉన్న 1978 నాటి ప్రీమియర్ పద్మినికి మొదటిసారి రంగు వేయించినప్పుడు నాకు ఇవేవీ తెలియవు. బయటికి మంచి పెయింటు వాడిన ఆ వర్క్‌షాపు, చట్రాలకు మాత్రం త్వరగా ఆరుతుందని హార్డెనర్ (పెయింటులో కలిపితే పూతను గట్టిపరిచే ద్రవం) లేని పెయింటు కొట్టి, మూడో రోజునే బీడింగ్ అతికించి బండిని చేతికిచ్చింది. మే నెల ఎండలో బండి రెండు వారాలు నిలబడింది. ఆ తరువాత తలుపు తెరిస్తే రబ్బరుతోపాటు చిటికెన వేలంత వెడల్పున పెయింటు పట్టీలాగా ఊడి వచ్చింది. వేడికి మెత్తబడే పెయింటు, దాని మీద గట్టిగా ఒత్తుకునే రబ్బరు, ఆ రబ్బరులోంచి మెల్లగా బయటికి వచ్చే నూనెలాంటి పదార్థాలు, ఈ మూడూ కలిస్తే జరిగేది ఇదే. ఆ పట్టీని చూసిన రోజు నుంచి నేను పెయింటు డబ్బా మీది అక్షరాలు చదవడం నేర్చుకున్నాను.

ముందుగా, ఇప్పుడు ఉన్నది ఏమిటో తెలుసుకోవాలి

కొత్త పెయింటును ఎంచుకునే ముందు పాతది ఏ జాతిదో పరీక్షించాలి. కంటికి కనిపించని చోట, అంటే డోర్ ప్యాడ్ తీసిన తరువాత తలుపు లోపలి రేకు మీద గాని, బీడింగ్ కింద గాని, ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నరులో తడిపిన తెల్లని గుడ్డను ఒక అర నిమిషం ఒత్తి ఉంచి తుడవాలి. రంగు కరిగి గుడ్డకు ధారాళంగా అంటితే అది నైట్రోసెల్యులోజ్ లాకరు గాని, హార్డెనర్ లేని మరో పెయింటు గాని అయి ఉంటుంది. కరగకుండా ముడతలు పడి పైకి లేస్తే అది సింథటిక్ ఎనామెల్ అని అనుకోవచ్చు. ఏ మార్పూ లేకపోతే అది బాగా గట్టిపడిన టూకే పెయింటు (హార్డెనరు కలిపి వాడేది) గాని, కొలిమిలో కాల్చిన ఫ్యాక్టరీ పూత గాని కావచ్చు. మన దేశపు పాత కార్లలో ఒకే చట్రం మీద ఈ మూడూ పొరలు పొరలుగా దొరకడం మామూలే, ఎందుకంటే యాభై ఏళ్ళలో ఎవరి చేతికి దొరికింది వారు వేశారు. కనీసం నాలుగు చోట్ల పరీక్ష చేయనిదే నిర్ణయానికి రావద్దు. కరిగే పెయింటు, ముడత పడే పెయింటు ఎక్కడ ఉన్నా, దాని మీద కొత్తది వేసే సాహసం చేయకుండా రేకు దాకా తీసివేయడమే మంచిది. చట్రం మూలల్లో ముడత వస్తే గీకి సరిచేయడానికి చేయి కూడా దూరదు.

పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది. కాబట్టి పొడిగా రుద్ది ఆ ధూళిని కారు లోపల నింపుకోకుండా, నీళ్ళతో వాటర్ పేపరు వేసి రుద్దాలి. ఆ మురుగు నీటిని మొక్కల్లో పోయకూడదు.

ఎంపికకు ఉన్నవి మూడు

నైట్రోసెల్యులోజ్ లాకరును, అంటే మన పెయింటర్లు ఎన్.సి. అని, పాత అలవాటు కొద్దీ డ్యూకో అని పిలిచే దాన్ని, 1920ల నుంచి కార్లకు వాడుతున్నారు. ఇది నిమిషాల్లో ఆరుతుంది, పని తేలిక, తరువాత ఎప్పుడైనా చిన్న మరమ్మతు చేస్తే కొత్త పూత పాతదానిలో కరిగి కలిసిపోతుంది. అయితే దీని మెరుపు పాలిషింగ్ వల్లనే వస్తుంది. యంత్రం పోని చట్రంలో అది మెరుపు లేకుండానే ఉండిపోతుంది. పెట్రోలు చుక్క పడితే మరక, థిన్నరు తగిలితే రంధ్రం. ఫ్యాక్టరీ నుంచి లాకరుతో వచ్చిన కారును అచ్చంగా నాటి రూపంలోనే నిలపాలని, ప్రదర్శనలో న్యాయనిర్ణేతల ముందు నిలబెట్టాలని కోరుకునేవారికి మాత్రమే దీన్ని సూచిస్తాను. అలాంటివారికి ఆ మెరుపు లేని చట్రమే సరైన చట్రం.

సింథటిక్ ఎనామెల్ చవక, ధారాళంగా పరుచుకుంటుంది, ఒక్క పూతతోనే మెరుస్తుంది. గేట్లకు, లారీల బాడీలకు అది తగినదే. కారు చట్రానికి వద్దని చెప్పడానికి కారణం, అది పైపైన ఆరినా లోపల వారాల తరబడి మెత్తగా ఉండడం, దాని మీద తరువాత బయటి టూకే పెయింటు తుంపర పడితే ముడతలు లేవడం. ఇంతకంటే దీని గురించి చెప్పవలసింది లేదు.

మూడోది టూకే పాలీయురిథేన్, మన పెయింటు దుకాణాల్లో పీయూ అని అడిగితే ఇచ్చేది. పెయింటు ఒక డబ్బాలో, హార్డెనరు మరొక డబ్బాలో వస్తాయి. రెండూ కలిసిన తరువాత రసాయనిక చర్య జరిగి పూత గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడ్డాక పెట్రోలుకు, గ్రీజుకు, రబ్బరుకు లొంగదు. ఇందులో మళ్ళీ రెండు పద్ధతులున్నాయి. రంగూ మెరుపూ ఒకే పెయింటులో ఉండేది సింగిల్ స్టేజ్. ముందు రంగు పూత, దాని మీద పారదర్శకమైన క్లియరు పూత వేసేది బేస్‌కోటు–క్లియర్‌కోటు పద్ధతి. తలుపు చట్రం విషయంలో అసలు నిర్ణయమంతా ఈ రెంటిలో ఏది అన్నదే, కాబట్టి దీని దగ్గర కొంతసేపు ఆగుతాను.

పద్మిని, అంబాసిడర్, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లు ఎక్కువగా తెలుపు, మీగడ, లేత నీలం, నలుపు వంటి సాలిడ్ రంగులలోనే, అంటే లోహపు రేణువులు లేని రంగులలోనే, తిరిగాయి. అటువంటి రంగుకు సింగిల్ స్టేజ్ టూకేను మించినది లేదు. చట్రానికీ, బయటికీ అదే డబ్బాలోది వాడవచ్చు. బేస్‌కోటు పద్ధతిలో క్లియరు పూత ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగిన చోట అంచు మిగులుతుంది, ఆ అంచు చట్రంలో పడితే రబ్బరు దాన్ని మెల్లగా గీరి లేపుతుంది. క్లియరు అందని బేస్‌కోటు ఇంకా బలహీనం: దానికి తనంతట తాను నిలిచే గట్టిదనం లేదు, నీళ్ళు పట్టి, సుద్దలా రాలిపోతుంది. బయటి పని చేసేటప్పుడు రంగు తుంపరను చట్రంలోకి పోనిచ్చి, క్లియరును మాత్రం లోపలిదాకా వేయకుండా వదిలేసే పెయింటర్లను నేను చాలాసార్లు చూశాను. రెండు వర్షాకాలాలు గడిచేసరికి అలాంటి చట్రం పొట్టు లేచిన గోడలా తయారవుతుంది. పైగా సింగిల్ స్టేజ్ పూత మెరుపు పాత కారు రూపానికి దగ్గరగా ఉంటుంది. క్లియరు కింద కనిపించే గాజులాంటి లోతు ఆ కాలపు కార్లకు లేదు.

మెటాలిక్ రంగు అయితే దారి వేరు. లోహపు రేణువులు గన్ను ఒత్తిడిని బట్టి, దూరాన్ని బట్టి, పూత తడిని బట్టి రకరకాలుగా పడుకుంటాయి. ఇరుకైన చట్రంలో చిన్న గన్నుతో వేసిన మెటాలిక్, బయట పెద్ద గన్నుతో వేసిన అదే మెటాలిక్, పక్కపక్కన రెండు రంగుల్లా కనిపించవచ్చు. ఇక్కడ బేస్‌కోటు–క్లియర్‌కోటునే వాడాలి. ముందుగా చిన్న రేకుల మీద రెండు గన్నులతోనూ నమూనాలు వేసి, క్లియరు కూడా పూర్తిచేసి, ఎండలో పోల్చుకుని, తేడా తక్కువగా వచ్చే ఒత్తిడిని ఖాయం చేసుకోవాలి. చట్రంలో పడిన బేస్‌కోటు మీద అంగుళం కూడా వదలకుండా, కంపెనీ పత్రంలో చెప్పిన గడువులోపలే క్లియరు వేయాలి.

ఒక కంపెనీలో ఒకే పేరున్న రంగును సింగిల్ స్టేజ్‌లో ఒక రకంగా, బేస్‌కోటులో మరొక రకంగా కలుపుతారు. రెంటికీ ఫార్ములాలు వేరు. చట్రానికి చవకగా పోతుందని సింగిల్ స్టేజ్, బయటికి మెరుపు కోసం బేస్‌కోటు అనుకునేవారు ఆ చిన్న తేడాను తలుపు తెరిచిన ప్రతిసారీ చూస్తారు. చట్రాన్ని నల్లగా కొట్టి వదిలేద్దామనే సలహా కూడా వినిపిస్తుంది. నాటి కారు అలా రాలేదు గనుక నేను దానికి ఒప్పుకోను.

రంగు ఛాయను ఎక్కడ వెతకాలి

కారు అసలు రంగు బయటి రేకు మీద ఉండదు. యాభై ఏళ్ళ ఎండ దాన్ని మార్చి ఉంటుంది. బీడింగ్ కింద, గడప మీది పట్టీ కింద, డోర్ ప్యాడ్ వెనక, డ్యాష్‌బోర్డు అడుగున ఉన్నదే నిజమైన రంగు. అందులో అరచేయంత స్థలాన్ని రబ్బింగ్ కాంపౌండుతో శుభ్రం చేసి, ఆ భాగాన్ని పెయింటు దుకాణంలోని రంగు కొలిచే యంత్రానికి చూపించాలి. చెన్నైలో జి.పి. రోడ్డు ప్రాంతంలో కార్ల సామాన్ల కోసం తిరిగేవారికి ఇలాంటి దుకాణం వెతుక్కోవడం కష్టమేమీ కాదు. యంత్రం ఇచ్చిన ఫార్ములాను ఆఖరి మాటగా తీసుకోకుండా, రేకు ముక్క మీద కొట్టించి, ఎండలోనూ ట్యూబులైటు కిందా పక్కన పెట్టి చూడాలి. ఎండలో కలిసినవి ట్యూబులైటు కింద విడిపోవడం ఉంది.

పైన ఒకటి, కింద ఒకటి రెండు రంగుల కారైతే, చట్రంలో ఏ రంగు ఎక్కడ మారుతుందో పని మొదలుపెట్టకముందే ఫొటోలు తీసుకోవాలి. ఆ గీత ఒకసారి పోతే ఊహతో తిరిగి గీయలేము. స్తంభం మీద రివెట్లతో బిగించిన నంబరు పలక ఉంటే దాని మీద రంగు పడనివ్వకూడదు. అసలు రంగును వదిలి వేరే రంగు వేయదలచుకుంటే ఆర్‌సీలో రంగు మార్పు నమోదు చేయించుకోవాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషను నిబంధనలు అసలు రూపాన్ని నిలుపుకోవడాన్నే కోరుతున్నాయి గనుక, ఆ దారిలో వెళ్ళదలచినవారు అసలు రంగుకే కట్టుబడి ఉండడం శ్రేయస్కరం.

డబ్బా ఒకేసారి కలిపించాలి. చట్రాలకు ఒక రోజు, బయటికి మరో నెలలో మరో డబ్బా అంటే ఛాయ మారుతుంది. హార్డెనరు కలపని రంగును పావు లీటరు మిగుల్చుకుని మూత బిగించి దాచుకుంటే తరువాతి మరమ్మతులకు ఉపయోగపడుతుంది.

కింద ఉండే ప్రైమరు

రేకు బయటపడిన ప్రతిచోటా ఎపాక్సీ ప్రైమరే వేయాలి. వర్క్‌షాపుల్లో ఇంకా కనిపించే రెడ్ ఆక్సైడ్ తేమను పీల్చుకుంటుంది, దాని మీద టూకే వేస్తే పట్టు నమ్మదగ్గది కాదు. కారులో తుప్పు మొదలయ్యేది తలుపు అడుగు అంచున, ముందు స్తంభం కాలి దగ్గర. అక్కడ పుట్టీతో పూడ్చి రంగు వేయడం కన్నా రేకు కోసి కొత్తది అతికించడం మేలు. అతుకుల మీద సీలరును ఎపాక్సీ పైన వేయాలి గాని పచ్చి రేకు మీద కాదు. తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలను సీలరుతో గాని ప్రైమరుతో గాని మూసివేయకుండా ఒక తీగతో తెరిచి ఉంచాలి.

చట్రంలో మందం శత్రువు. తలుపు అంచు మీద దట్టమైన పొరలు పడితే మూసినప్పుడు తగిలి పెచ్చులుగా ఊడతాయి. అందుకని ఎపాక్సీ ఒకటి రెండు పలుచని పూతలు, రంగు రెండు పూతలు చాలు. ఎరుపు, పసుపు వంటివి కింది రంగును త్వరగా కప్పవు. అటువంటి రంగులకు కింద తెల్లని లేదా లేత బూడిద ప్రైమరును ఎంచుకుంటే, మూడో నాలుగో పూత వేయవలసిన అవసరం తగ్గుతుంది.

చెన్నై గాలిలో పని

ఇక్కడి గాలిలో తేమ, సముద్రపు ఉప్పు రెండూ పెయింటు ఎంపికను ప్రభావితం చేస్తాయి. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఉండే కార్లను రుద్దడానికి ముందే మంచినీటితో చట్రాల సందులతో సహా కడగాలి. ఉప్పు మీద వేసిన ప్రైమరు కింద బుడగలు లేస్తాయి. ఎన్.సి. లాకరు వేసేటప్పుడు ద్రావకం ఆవిరై రేకు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి పూత పాలలా తెల్లబారుతుంది. దానికి నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నరు కావాలి. టూకే హార్డెనరు తేమతో నేరుగా చర్య జరుపుతుంది, కాబట్టి తెరిచి నెలల తరబడి పక్కన పెట్టిన హార్డెనరును, మబ్బుగా మారిన హార్డెనరును వాడకూడదు. కంప్రెసరుకు నీటిని పట్టే ఫిల్టరు లేకుండా ఈ ఊళ్ళో గన్ను పట్టడం దండగ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం; ఆ నెలల్లో టింకరింగు, ప్రైమరు పనులు చూసుకుని, రంగును జనవరి తరువాతకు పెట్టుకోవడం నా అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో వేయక తప్పకపోతే స్లో థిన్నరు తీసుకోవాలి, లేదంటే చట్రం లోతుల్లో పూత పరుచుకోకముందే ఆరి నారింజ తొక్కలా మిగులుతుంది.

టూకే హార్డెనరులోని ఐసోసయనేటు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఒకసారి శరీరానికి పడకపోవడం మొదలైతే తరువాత కొద్దిపాటి తుంపరకే ఉబ్బసం వస్తుంది. చట్రం వేసేటప్పుడు తల కారు లోపల ఉంటుంది, తుంపర తిరిగి ముఖం మీదికే వస్తుంది. ముక్కుకు రుమాలు కట్టుకుని ఈ పని చేసే పెయింటరును చూస్తే నాకు గుండె జారిపోతుంది. బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందే మాస్కు ఉన్నచోటనే ఈ పని చేయించండి.

వేసే వరుస

వీలైతే తలుపులు విప్పి, కీళ్ళ చుట్టూ గుర్తు గీసుకుని, చట్రాన్నీ తలుపు అంచులనూ విడివిడిగా వేయాలి. ముందు గ్రీజు తీసే ద్రావకంతో తుడిచి, తరువాతనే రుద్దాలి. వరుస తప్పితే గ్రీజు గీతల్లోకి దిగుతుంది. మూలల్లో కాగితం మడత పడుతుంది గనుక అక్కడ మెరూన్ స్కాచ్‌బ్రైటు అనే గరుకు ప్యాడ్ వాడాలి. సందుల్లోని దుమ్మును గాలితో ఊది, నేల తడిపి, 1.0 మిల్లీమీటరు ముక్కున్న చిన్న గన్నుతో ముందు కీళ్ళ లోతులు, ఆ తరువాత స్తంభాలు, పైన వాన కాలువ, చివరికి గడప, ఈ క్రమంలో వేయాలి. లోతుల్లో ముందే వేస్తే అక్కడి నుంచి చిమ్మిన తుంపర పచ్చి పూత మీద పడదు.

చట్రం ఆరాక తలుపులు బిగించి, సందులు సరిచూసుకుని, బయటి పనికి మాస్కింగ్ చేయాలి. చట్రానికీ బయటి రేకుకూ మధ్య రంగు ఆగే గీతను చదునైన చోట కాక, రేకు మడత తిరిగే అంచు మీదనో, బీడింగ్ వచ్చి కప్పే చోటనో పెట్టుకోవాలి. గట్టి టేపు అంచు గోడలా పొడుచుకు వస్తుంది. తలుపు సందులో ఫోమ్ టేపు పెట్టినా, టేపును వెనక్కి మడిచి గుండ్రంగా ఉంచినా, పూత అంచు మెల్లగా పలచబడి కంటికి ఆనదు. కొత్త చట్రం మీద టేపు వేయడానికి కనీసం ఒక రోజు ఆగాలి, వేసిన టేపును ఎండలో వదలకుండా పని కాగానే తీసేయాలి.

ఆ తరువాత తొందరపడవద్దు. ముట్టుకుంటే ఆరినట్టే ఉండే టూకే పూత లోపలి దాకా గట్టిపడడానికి మన వేడిలో కూడా వారం పడుతుంది. ఆ వారమంతా తలుపులను పూర్తిగా మూయకుండా మొదటి గాటు మీద ఉంచాలి. ఎనిమిదో రోజున గోరుతో కనిపించని చోట ఒత్తి చూసి, గుర్తు పడకపోతే, కొత్త బీడింగ్‌ను సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి బిగించి, దాని ముఖం మీద టాల్కం పౌడరు పలుచగా అద్దాలి. సిలికాన్ స్ప్రే మాత్రం వర్క్‌షాపులో ఏ రేకుకైనా రంగు వేయడం మిగిలి ఉన్నంత కాలం డబ్బా మూత కూడా తీయకూడదు. దాని తుంపర పడిన చోట పెయింటు చేప కళ్ళలా గుంటలు పడుతుంది. మా పద్మినికి రెండోసారి ఇలాగే చేసి, మొదటి నెలంతా వారానికి ఒకసారి తలుపులు తెరిచి బీడింగ్ అంచును వేలితో తడిమి చూసుకున్నాను, ఎక్కడా అంటలేదు.